యెంకి పాటల్లో వంత ఎవరు?

యెంకి పాటల్ని గురించి మనవాళ్ళు రెండు విధాలుగా మాట్లాడుతూ వచ్చారు. కొందరికి అవి తేనె. మరి కొందరికి అవి పల్లెటూరివాడి నోట్లో పెట్టిన ప్లీడరుగారి విరహం. మొదటివారు మాధుర్యం అనే మాట దగ్గర ఆగిపోతారు. రెండవవారు ఇందులో కూలిబేరం ఏదీ, శిస్తు పీడ ఏదీ అని అడిగి ఆగిపోతారు. రెండు పక్షాలవారూ చాలావరకు చెయ్యని పని ఒకటుంది: పాటను తాళం వేసి చూడటం. ఛందస్సు సంగతి పండితులకు వదిలిపెట్టి వస్తువు సంగతి మాత్రం మనం చూసుకొందామనే అలవాటు అభ్యుదయ విమర్శలో బాగా పాతుకుపోయింది. ఆ పంపకం వల్ల నష్టపోయింది మనమే. పాటలో వర్గం మాటల్లో మాత్రమే ఉండదు. పాటను ఎవరు ఎత్తుకొంటారు, ఎవరు అందుకొంటారు అన్నదాంట్లో కూడా ఉంటుంది.

నండూరి వెంకట సుబ్బారావు 1895లో పుట్టి 1957లో పోయాడు. ఏలూరులో వకీలుగా బతికాడు. యెంకి పాటలు పుస్తకంగా వచ్చింది 1925లో. తొలి పాట పల్లవి మాత్రం అంతకు ఏడెనిమిదేళ్ళ ముందే, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనే రోజుల్లో, ట్రాములో ఇంటికి వస్తూండగా తట్టిందని చెబుతారు. ఈ ట్రాము సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. మన భాషలో అందరికంటె పేరుపడ్డ పల్లె ప్రేమపాట పట్నంలో, ఇనుప పట్టాల మీద పుట్టింది! దీన్ని ఎత్తిపొడుపుగా అనడం లేదు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో గొల్లల పాటలు రాసిన థియోక్రిటస్‌కు కూడా అలెగ్జాండ్రియా నగరంతో సంబంధముంది. అతను కాపరుల నోట డోరిక్ మాండలికం పలికించాడు, పల్లవి వంటి పంక్తులు మళ్ళీ మళ్ళీ తెచ్చాడు. ఛందస్సు మాత్రం వీరగాథల ఛందస్సే వాడాడు. ఊరి మాట, పాత కావ్యపు నడక, తిరిగి తిరిగి వచ్చే పంక్తి – గోపకావ్యానికి పుట్టుకనుంచీ ఉన్న సామగ్రి ఇది. మన హాలుడి గాథల్లో ఊరి ప్రేమలు ఉన్నాయి, ప్రాకృతం ఉంది, గాథా ఛందస్సు ఉంది. తిరిగి వచ్చే పంక్తి మాత్రం లేదు. అందుకే అవి చదువుకొనేవి అయ్యాయి. యెంకి పాటలు పాడుకొనేవి అయ్యాయి.

ఇక నండూరి పాత నడక ఏమిటో చూద్దాం. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకొంటున్నదనీ, కాసేపు కూర్చోనివ్వటం లేదనీ నాయుడుబావ మొరపెట్టుకొనే పాట అందరికీ తెలుసు. దాని పల్లవి రెండు పాదాలు. పాఠకులు కాగితం మీద గురులఘువులు గుర్తు పెట్టుకొని చూస్తే మొదటి పాదంలో రగణం, సలము, తగణం, చివర గలము వస్తాయి. రెండవ పాదంలో తగణం, రగణం, తగణం, మళ్ళీ గలము. అంటే మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇది అచ్చమైన ద్విపద! యతి కూడా తప్పలేదు: మొదటి పాదంలో గకారానికి మూడో గణం మొదట కకారం, రెండో పాదంలో అదే అక్షరానికి అదే అక్షరం. ప్రాస ఒక్కటే లేదు. ప్రాస లేని ద్విపదను మనవాళ్ళు మంజరి అన్నారు. భావకవిత్వం, కొత్త గేయం, స్వేచ్ఛ అని మనం పేర్లు పెట్టుకొన్న పాట లక్షణగ్రంథం ముందు నిలబెడితే మంజరీద్విపదగా నిలబడుతుంది.

ద్విపద అంటే ఎవరి ఛందస్సు? పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని వృత్తాల్లో రాయకుండా ద్విపదలో రాశాడు. జనం నోట నిలవాలనే రాశాడు. రంగనాథ రామాయణం ద్విపద కాబట్టే తోలుబొమ్మలాటవాళ్ళ గొంతులో బతికింది. పండితులు ఈ ఛందస్సును ముసలి వేశ్యతో పోల్చి చిన్నచూపు చూసిన మాట కూడా మనకు తెలిసిందే. పాలకుర్తినుంచి ఏలూరు దాకా ఏడు వందల ఏళ్ళు నడిచి వచ్చిన ఈ నడకను నండూరి పుస్తకంలోంచి తీసుకోలేదు, చెవిలోంచి తీసుకొన్నాడు అనటానికి ఆ పల్లవిలోనే ఒక సాక్ష్యముంది. ద్విపదలో నాలుగు మాత్రల గణాలు – భగణం, నలము – వాడుకోవటానికి కవికి హక్కుంది. పాడేవాడు మాత్రం వాటిని ఐదుకు సాగదీసుకోవాలి. పై రెండు పాదాల్లో అలాంటి గణం ఒక్కటి లేదు. ఆరు ఇంద్రగణాలూ నిండు ఐదు మాత్రలే. రాసేవాడు హక్కు చూసుకొంటాడు. పాడేవాడు తూకం చూసుకొంటాడు.

గ్రామ్యమని ఈసడించబడిన భాష కూడా ఈ తూకానికి సాయపడేదే. నా సొంత ఉదాహరణ ఒకటి చెబుతాను. సూర్యుడు అంటే నాలుగు మాత్రలు, భగణం. సూరీడు అంటే ఐదు మాత్రలు, తగణం. శిష్టుల మాటను ఖండగతిలో పెట్టాలంటే గొంతు సాగాలి. పల్లెవాడి మాట దానంతట అదే సరిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం చేసిన వాదాలన్నీ బడి, గ్రంథం, శాస్త్రం గురించి. ఏ వాదమూ చెయ్యకుండానే ఈ పాటలు ఇంకొక రుజువు చూపించాయి: వాడుకమాటకు తనదైన మాత్రాసంపద ఉంది. గురజాడ 1910లో ముత్యాల సరాలకు మూడు నాలుగుల నడక ఎంచుకొని ఒక తలుపు తెరిచాడు. నండూరి ఐదుల నడకతో పక్క తలుపు తీశాడు. రెండో తలుపు గురించి మనం తక్కువ మాట్లాడుకొన్నాం.

ప్రాసల విషయం. సంప్రదాయం అడిగిన ద్వితీయాక్షర ప్రాసను ఆ పల్లవిలో వదిలేసిన కవి మరొక పాటలో అడగని ప్రాసలు గుప్పించాడు. యెంకి మెడలో ఏముందో, తలలో ఏముందో చెప్పే రెండు ముక్కలు చూడండి. గురువుకు ఎదురుగా గురువు, లఘువుకు ఎదురుగా లఘువు. మొదటి మాటలో ద్విత్వానికి ద్విత్వం, చివరి మాటలో అంత్యప్రాస. రెండు చేతులకూ ఒకే జత గాజులు వేసినట్టుంటుంది. ఇలాంటి అమరిక కేవలం అలంకారమైతే నేను ప్రస్తావించేవాణ్ణి కాను. అదే పాట పల్లవిలో రెండు పాదాలు రెండు వ్యతిరేక క్రియలతో ముగుస్తాయి. అటువంటి పిల్ల లేనే లేదని ఒక పాదం. ఆ పిల్ల ఇక తన వంక రానే రాదని రెండో పాదం. ఒక్కొక్క క్రియనూ రెండేసి సార్లు అంటాడు. పొగడ్తకూ ఎడబాటుకూ ప్రాస కలిసింది! వేరే పిల్ల లేకపోవటమూ ఈ పిల్ల రాకపోవటమూ చెవికి ఒకటే మోత అయినప్పుడు, ప్రియుడి దిక్కులేనితనం వర్ణించనక్కర లేకుండానే తెలిసిపోతుంది. తెలుగులో అంత్యప్రాస చవక సరుకు. క్రియలన్నీ వాక్యం చివరే వస్తాయి, ఒకే పురుషలో ఉంటే అన్నీ ఒకేలా మోగుతాయి. అందువల్ల అర్థం కలవకుండా చప్పుడు కలపటం మన పాటలకు పట్టిన తెగులు. సినిమా పాటలు వింటే తెలుస్తుంది. ఇక్కడ చప్పుడు కలిసిన చోట అర్థం కూడా ముడిపడింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ద్విపద పాదాన్ని ఖండగతిలో పాడితే ఐదు, ఐదు, ఐదు, మూడు. చివర రెండు మాత్రలు ఖాళీ. ఈ ఖాళీ చాలా పాతది, చాలా పని చేసినది. దంపుళ్ళలోనూ, ఊడ్పుల్లోనూ, బరువు లాగేటప్పుడూ పాడే పాటల్లో ఇలాంటి ఖాళీలోనే రోకలి దిగుతుంది, వంగిన నడుము ఒక అడుగు వెనక్కు వేస్తుంది, లేదా మిగిలినవాళ్ళు వంత అందుకొంటారు. జానపద గేయాలమీద బిరుదురాజు రామరాజు సిద్ధాంత గ్రంథం 1958లో వచ్చిన తరవాత శ్రామిక గేయాలని ఒక శాఖగా చెప్పుకోవటం మనకు అలవాటైంది. కాని శాఖ పేరు చెప్పినంత మాత్రాన పని ఏమిటో తెలియదు. పునరుక్తి పనిముట్టు. పదిమంది చేతులు ఒకేసారి లేవాలంటే పదిమందికీ ముందే తెలిసిన మాట ఒకటి ఉండాలి. అదే వంత. ముందు పాడేవాడు తరవాతి చరణం వెతుక్కోవటానికి కావలసిన సమయం కూడా వంత పాడేవాళ్ళే ఇస్తారు.

పని పోతే వంత పోతుంది. చందానగర్‌లో ఇళ్ళు లేచే రోజుల్లో స్లాబు వేస్తుంటే చూశాను. నిచ్చెనమెట్ల మీద వరసగా నిలబడ్డ మేస్త్రీ కూలీలు తట్ట చేతులు మార్చేటప్పుడు ఒకరు మాట విసిరితే మిగతావాళ్ళు అందుకొనేవారు. అది పాట అంటే పాట, హెచ్చరిక అంటే హెచ్చరిక. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరవాత ఈ దిక్కంతా అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. ఇప్పుడు కాంక్రీటు లారీలో కలిసి వస్తుంది, గొట్టంలోంచి పైకి పోతుంది. గొట్టం దగ్గర నిలబడ్డవాడికి వంత అక్కరలేదు, ఆ మోతలో వినిపించదు కూడా. అతను ఒంటరిగా చెవిలో పెట్టుకొని వినే పాట వేరే ఎవరో పాడింది. తట్టలు మోయటం గొప్పని నేను అనడం లేదు. ఆ బరువు పోవలసిందే. పాట నిర్మాణానికీ పని నిర్మాణానికీ ఉన్న ముడిని కళ్ళతో చూడాలంటే ఏ గ్రంథాలయానికీ పోనక్కరలేదని మాత్రం అంటున్నాను.

నండూరి చేసింది ఏమిటంటే, పని లేకుండా ఆ నడకను తెచ్చుకోవటం. నాయుడుబావ పాటల్లో పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. కాని దాన్ని అందుకొనేవాడు లేడు. చరణమూ అతనిదే, పల్లవీ అతనిదే. చివరి రెండు మాత్రల ఖాళీని అతనే దీర్ఘం తీసి నింపుకొంటాడు. మరి ఆ పల్లవుల్లో కనిపించే సంబోధనలు ఎవరికి? ఒకచోట 'రా' అని, ఒకచోట 'ఓయి' అని పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు యెంకికి కాదు. ఎవరో పక్కనున్న మగవాడికి, తోటివాడికి. అతనికి పేరు లేదు, జవాబు లేదు. ఊడ్పు చేలో అయితే అతను వంత అందుకొనేవాడు. ఇక్కడ అతని చోటు మాత్రం మిగిలింది, మనిషి లేడు. కాసేపు కూర్చోనివ్వటం లేదన్న మొర కూడా అటువంటిదే. పగలంతా పని చేసినవాడు కాసేపు కూర్చోవాలని కోరటం పల్లెలో నిత్యం వినిపించే మాట. ఆ మాటలోంచి పని తీసేసి, ఆ అలసటను ప్రేమకు ఇచ్చాడు కవి. తీసేశాడని కోప్పడవచ్చు. ఆ మాట ఎక్కడినుంచి తీశాడో గుర్తించకుండా కోప్పడటం మాత్రం పొరపాటు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. మోట తోలేవాడూ, రాత్రి బండి తోలేవాడూ ఒంటరిగానే పాడుకొంటారు కదా, నాయుడుబావ వాళ్ళ వారసుడు ఎందుకు కాకూడదు? కొంత నిజముంది. అయితే మోటపాటలో రాకపోకల తూకం ఎద్దులది, పిలుపులు వాటికే, ఒక విధంగా ఎద్దులే వంత. పైగా 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి కాలవ నీళ్ళు పారుతున్న డెల్టాలో మోట ఆ పాటలకు పుట్టిల్లు అనటం కష్టం. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. పల్లవి మళ్ళీ మళ్ళీ రావటం క్షేత్రయ్య పదాల్లోనూ ఉంది. అక్కడా పాడేది ఒకే గొంతు. అక్కడా సఖిని పిలవటం ఉంది. నిజమే. పదంలో సఖికి పాత్ర ఉంది. ఆమె కబురు తీసుకుపోతుంది, తిట్లు తింటుంది. నాయుడుబావ తోటివాడికి ఆపాటి పని కూడా లేదు. అయినా ఆ ఒంటరి పునరుక్తి మాత్రం కొలువునుంచి వచ్చిందేనని నేను ఒప్పుకొంటాను. నడక చేనుది, మాట చేనుది, తిరిగి రావటం కొలువుది. ఈ అతుకు ఎక్కడా కనిపించకపోవటమే నండూరి నేర్పు. రేడియోలో శ్రీరంగం గోపాలరత్నం పాడగా విన్నవారికి ఇది సులభంగా తెలుస్తుంది. శాస్త్రీయ సంగీతంలో పండిన ఆ గొంతుకు ఈ పల్లవులు పరాయివిగా తోచలేదు. పునరుక్తి సంగతికి చోటిచ్చింది. పది చేతులు లేపటానికి పుట్టిన సాధనం ఒక గొంతు తన నేర్పు చూపించుకొనే చోటు అయింది.

యెంకి నోట వచ్చే పాటల లెక్క వేరు. ఆమె నాయుడుబావతోనే ఉంటాననీ, అతని మాటే వింటాననీ మొదలుపెట్టే పాటలో ప్రతి పాదం చివరా 'నాయుడుబావా' అన్న పిలుపు వస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళ పాట విన్నవారు దీన్ని వెంటనే పోల్చుకొంటారు. అక్కడ ముందు పాడే ఆమె సగం పాదం అంటుంది. మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని ముగిస్తారు. చప్పట్లు అక్కడ పడతాయి, అడుగు అక్కడ జరుగుతుంది. యెంకి పాటలో 'ఉయ్యాలో' కూర్చొనే పీట మీదనే 'నాయుడుబావా' కూర్చొన్నాడు. పదిమంది ఆడవాళ్ళ గొంతు ఉండవలసిన చోట ఒక్క మగవాడి పేరు! ఏలూరు కవి బతుకమ్మను మనసులో పెట్టుకొన్నాడని నేను వాదించటం లేదు. ఆ అచ్చు ఆంధ్ర పల్లెల్లో వేరే వంత మాటలతోనూ ఉన్నదే. నేను చూపేది ఆ చోటు మారటం.

ఆ పాట మొదటి రెండు పాదాల్లో పిలుపుకు ముందున్న ముక్కల్ని తూచండి. రెండింటిలోనూ గురులఘువుల వరస ఒకటే. ఉండటమూ వినటమూ ప్రాసలో జంట అయ్యాయి. మాట వినటమంటే తెలుగులో లోబడటం కూడా. తోడుండటానికి ధర లోబడటమేనని ఛందస్సే ఒప్పందం రాసినట్టుంది. ఇందులో ఆడదాని బానిసత్వాన్ని చూసి చీదరించుకొన్నవారు ఉన్నారు; వారిది తప్పనను. కాని నాకు యెంకి పాటలే నాయుడుబావ పాటలకంటె బలమైనవిగా వినిపిస్తాయి. నాయుడుబావ ఎవరూ అందుకోని పల్లవిని తనే అందుకొని తృప్తిపడతాడు. యెంకి పాదం పాదానికీ జవాబు కోసం పిలుస్తుంది. ఆ పిలుపును వంతగా వేరొక గొంతు అందుకొంటే పాట చెడదు, నిలబడుతుంది. పిల్లలు గుంపుగా పాడినప్పుడు ఇది చూడవచ్చు: నాయుడుబావ పల్లవి గుంపులో పలచబడుతుంది, యెంకి పిలుపు చిక్కబడుతుంది.

వంతను మళ్ళీ మనుషుల చేతికి ఇచ్చిన పని తరవాతి తరం చేసింది. ప్రజానాట్యమండలి రోజుల్లో నాజర్ బుర్రకథ చెబితే పక్కన ఇద్దరు వంతలు ఉండేవారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వాళ్ళు తందాన అని ఊరుకోరు. కథకుణ్ణి అడ్డుపెట్టి ప్రశ్నిస్తారు, జనం తరఫున ఎదురు చెబుతారు. వంతకు నోరొచ్చింది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు రాసిన జీతగాడి పాట నండూరి పాటల పక్కన పెట్టి చూడదగ్గది. 'మాభూమి' సినిమా వల్ల అది కొత్త తరానికీ తెలిసింది. అదీ పల్లె పాటే, అదీ పశులకాపరి పాటే. గోపకావ్యాలన్నీ ప్రేమికుడిగా చూపించిన ఆ కాపరి ఇక్కడ పాలు తాగే వయసు దాటని పిల్లవాడు, దొర దగ్గర జీతానికి కుదిరినవాడు. పల్లవిలో అతన్ని పిలవటం ఉంది, పిలిచి ఒక ప్రశ్న అడగటం ఉంది. ప్రతి చరణం అతని ఒంటి మీదా, చేతిలోనూ, కాలిలోనూ ఉన్న ఒక్కొక్క గుర్తు చూపించి మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికే తీసుకొస్తుంది. నాయుడుబావ తోటివాడిలాగే ఈ పిల్లవాడు కూడా పాటలో జవాబు చెప్పడు. పల్లవి మూడోసారి వచ్చేసరికి ఎదురుగా కూర్చొన్నవాళ్ళు అందుకొంటారు.